మూడో ఇంజను మనిషి

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే ముందు నవ్వేది నేనే. ముప్పై ఏళ్లుగా మెకానిక్ పని చేస్తున్నాను. ఏ చప్పుడైనా ఎక్కడో ఒక వదులైన బోల్టు నుంచో, అరిగిన బేరింగు నుంచో వస్తుందని నమ్మి బతికినవాణ్ణి. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేస్తాను, కానీ చనిపోయినవాళ్లు తిరిగి వచ్చి మాట్లాడతారంటే అక్కడ కూడా ఒప్పుకోను.

అయినా పోయిన ఎండాకాలం బీదర్ పక్క నౌబాద్‌లో నా షెడ్డులో జరిగింది రాయక తప్పడం లేదు. అందుకు ఇంకో కారణం కూడా ఉంది. పదకొండేళ్లుగా మా అన్న దేవదానం గురించి ఇక్కడ ఒక అబద్ధం నడుస్తోంది. దాన్ని పుట్టించింది నేను. అది చెప్పకుండా ఇది చెబితే ఎవరికీ అర్థం కాదు.

దేవదానం మా పెదనాన్న కొడుకు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అందరూ దేవన్న అంటారు. మేమిద్దరం ఆశీర్వాదం తాత చేతుల మీద పెరిగాం.

తాతది నిర్ణా అనే పల్లె. నిజాం కాలంలో బస్సుల దగ్గర క్లీనరుగా మొదలుపెట్టి, యుద్ధం వచ్చినప్పుడు బ్రిటిష్ వాళ్ల వైమానిక దళంలో ఇంజను మెకానిక్‌గా చేరాడు. బెంగాల్‌లో ఒక ఎయిర్‌ఫీల్డుకు పంపారు. అక్కడ నాలుగు ఇంజన్ల పెద్ద బాంబర్లు ఉండేవి. అవి బర్మా మీదికి వెళ్లి జపాన్ వాళ్ల రైలు వంతెనల మీద, గోదాముల మీద బాంబులు వేసి వచ్చేవి. పోను రాను పన్నెండు, పద్నాలుగు గంటలు.

తాత ఎగిరేవాడు కాదు. కింద ఉండేవాడు. ఎగిరేది ఎనిమిది మంది తెల్లవాళ్లు. తాతకు అప్పగించింది ఆ విమానం మూడో ఇంజను. పైలట్ సీట్లో కూర్చుంటే కుడి చేతి వైపు లోపలి ఇంజను అది. చక్రాలు దించడానికి, బ్రేకులు పట్టడానికి కావలసిన నూనె పంపు ఆ ఇంజను మీదే నడిచేదట. అందుకని మిగతా మూడు ఇంజన్లకూ పేర్లు లేవు గాని దానికి మాత్రం మా ఇంట్లో పెద్ద పేరు.

తాత చెప్పిన యుద్ధంలో తుపాకులు పేలేవి కావు. కాళ్లు కాలే సిమెంటు నేల, ఇంజను కవరు తీస్తే మొహం మీదికి కొట్టే వేడి, సాయంత్రం విమానం వెళ్లిపోయాక అది నిలిచిన చోట మిగిలిన నూనె మరక. తెల్లారాక అందరూ ఆ మరక చుట్టూ నిలబడి ఆకాశం వైపు చెవి పెట్టేవారట. కంటికి కనబడకముందే తన ఇంజను చప్పుడు తనకు తెలిసేదని చెప్పేవాడు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. పని చేసినవాడు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం చూశాకే కెప్టెన్ విమానం తీసుకుంటాడు. ఈ కెప్టెన్ దానికి ఇంకొకటి కలిపాడు. ఇంజనుకు పెద్ద పని ఏదైనా జరిగితే, పరీక్షగా ఎగిరేటప్పుడు సంతకం పెట్టిన మెకానిక్ కూడా ఎక్కాలి. నీ పని మీద నీకు నమ్మకం లేకపోతే నాకెందుకుండాలి అనేవాడట. తాత మొదటిసారి ఎక్కి అక్కడే కక్కుకున్నాడు.

పైకి వెళ్లాక కెప్టెన్ చెవి ఫోన్లలో ఒక్కొక్కరినీ వాళ్ల స్థానం పేరుతో పిలిచేవాడు. నావిగేటర్, వైర్‌లెస్, టాప్ గన్, టెయిల్ గన్. ఎవరి స్థానం వాళ్లది, ఎవరి జవాబు వాళ్లది. అందరూ అయ్యాక తాత కోసం చివర ఒకటి చేర్చాడు. "నంబర్ త్రీ?" అనేవాడు. తాత "నంబర్ త్రీ ఓకే సార్" అనాలి. నిర్ణా నుంచి వచ్చిన క్లీనరు పేరు ఆ తెల్లవాళ్ల వరుసలో చేరింది. ఆ గర్వం తాతకు చచ్చేదాకా పోలేదు.

ఒకరోజు ఆ విమానం తిరిగి రాలేదు. తాత మూడు రోజులు ఆ మరక దగ్గరే కూర్చున్నాడట. ఆ కథ అక్కడితో ఆపేసేవాడు. ఇంకేమీ చెప్పేవాడు కాదు.

మా చిన్నప్పుడు సెలవుల్లో మనవలందరినీ వసారాలో వరసగా కూర్చోబెట్టి ఈ పిలుపు ఆట ఆడించేవాడు. తాత కెప్టెన్. గొంతు బాగా లావు చేసి పిలిచేవాడు. ఒకరు నావిగేటర్, ఒకరు వైర్‌లెస్. నాకు టెయిల్ గన్, అంటే విమానం తోక దగ్గరి తుపాకీ. మిగతా పిల్లలు నాకు దొరికిన తుపాకీ చూసి కుళ్లుకునేవారు. నేను మాత్రం దేవన్నను చూసి కుళ్లుకునేవాణ్ణి. ఎందుకంటే నంబర్ త్రీ ఎప్పుడూ దేవన్నే.

"తాతా, ఇయ్యాల నేను నంబర్ త్రీ ఉంట" అని ఒకసారి ఏడ్చాను.

"అది వానిదిరా. ఎవని జాగల వాడు ఉండాలె. నువ్వు ఎన్కకు చూసుకుంట కూసో" అన్నాడు తాత.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఇప్పుడు యాభై నాలుగు. ఆ మాట మర్చిపోయానని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

తాత ఇద్దరికీ పని నేర్పాడు. కళ్లు మూసుకుని మోటారు చప్పుడు విని జబ్బు చెప్పమనేవాడు. నేను చెప్పేది సరిగ్గానే ఉండేది, కానీ దేవన్న ముందే చెప్పేసేవాడు. తాత చనిపోయేనాటికి దేవన్నకు నౌబాద్‌లో సొంత షెడ్డు ఉంది. నేను పక్కనే ఒక చిన్న ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకునేవాణ్ణి. అది మూతపడ్డాక దేవన్నే పిలిచి పని ఇచ్చాడు.

దేవన్న షెడ్డులో తాత పద్ధతే నడిచేది. బల్ల మీద పొడుగాటి రిజిస్టరు. ఎవరు చేసిన పనికి వాళ్లు సంతకం పెట్టాలి. పెట్టినవాడే ముందు బండి ఎక్కి ఒక చుట్టు తిరిగి రావాలి. ఆ తర్వాతే బండి యజమానికి ఇచ్చేది. బీదర్ చుట్టుపక్కల ఎక్కడా లేని పద్ధతి. అందుకే జనం దేవన్న దగ్గరికి వచ్చేవారు.

దేవన్న దగ్గరికే. నా దగ్గరికి కాదు. నేను గంటసేపు బండి కింద పడుకుని చేసిన పనికి కూడా "దేవన్న చేసిండు గద" అని ధీమాగా వెళ్లేవారు. అన్న ఎప్పుడూ "మా తమ్ముడు చేసిండు" అని సరిచేసేవాడు. అది ఇంకా మండేది.

పదకొండేళ్ల కిందట ఒక సాయంత్రం బస్వరాజ్ తన జీపు తెచ్చి వదిలి వెళ్లాడు. హుల్సూర్ వైపు మనుషులను ఎక్కించుకుని తిప్పే జీపు. బ్రేకు పైపు మార్చాలి. మర్నాడు పొద్దున్నే దేవన్న నిర్ణాలో ఒక చావుకు వెళ్లాడు. నేనే పైపు మార్చాను. చివరి నట్టు చేత్తో తిప్పి పెట్టి, స్పానరుతో బిగించబోతున్నాను. అప్పుడు బస్వరాజ్ వచ్చి, వంగి కిందికి చూశాడు.

"నువ్వు చేస్తున్నవా సామేలూ? దేవన్న ఏడి?"

"ఊరికి పోయిండు."

"అయితె ఆగుత. దేవన్న చూసి సంతకం పెడితెనే తీస్కపోత. మొకం మాడ్చుకోకు. నీ పని ఖరాబని అంటలేను, గని పానం నాది గద."

నేను కింద నుంచి బయటికి వచ్చాను. చేతులు తుడుచుకుని, "అన్న పొద్దుగాల్నే చూసి సంతకం పెట్టి పోయిండు. నేను పైపైన తుడుస్తున్న అంతే" అన్నాను. అతను టీ తాగడానికి వెళ్లగానే రిజిస్టరులో దేవన్న సంతకం నేను పెట్టాను. నట్టు సంగతి నా తలలో లేదు. నా తలలో ఉన్నదంతా ఒక్కటే. వీళ్లకు కావలసింది పని కాదు, ఆ పేరు. తీసుకోండి, ఆ పేరే తీసుకోండి.

బండి ఎక్కి చూడలేదు. సంతకం నాది కాదు కదా, నేనెందుకు ఎక్కాలి అనుకున్నట్టు కూడా గుర్తు.

హుల్సూర్ ఇంకా కొంత దూరం ఉందనగా పల్లంలో బ్రేకు పడలేదు. జీపు కల్వర్టును కొట్టుకుంది. దేవుని దయ, లోపల బస్వరాజ్ ఒక్కడే ఉన్నాడు. అతని కుడి మోకాలు అప్పటి నుంచి వంగదు.

మర్నాడు అతని మనుషులు షెడ్డుకు వచ్చారు. వదులైన నట్టు తెచ్చి బల్ల మీద పెట్టారు. రిజిస్టరు తెరిచారు. అప్పుడే ఊరి నుంచి దిగిన దేవన్న ఆ పేజీ చూశాడు. తన సంతకం కింద ఎప్పుడూ ఒక పొడుగు గీత గీస్తాడు. నేను గీయడం మర్చిపోయాను. ఆయన బొటనవేలు అక్కడే ఆగింది. ఒకసారి నా వైపు చూశాడు.

"నాదే" అన్నాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఏడాది తిరిగేసరికి దేవన్న షెడ్డు మూతపడింది. సంతకం పెట్టి ఎక్కని మనిషి అన్న మాట నౌబాద్ అంతా పాకింది. ఆయన చర్చి వెనక గల్లీలో ఇంట్లోనే కుట్టుమిషన్లు, మిక్సీలు బాగు చేసుకుంటూ ఉండిపోయాడు. నేను ఆయన పాత షెడ్డుకు రెండు వీధుల అవతల సొంత షెడ్డు పెట్టాను. ఆయన గిరాకీ అంతా నా దగ్గరికి వచ్చింది. జనం నా పేరు పలకడం మొదలుపెట్టారు. పశ్చాత్తాపంతో కుమిలిపోయానని రాస్తే బాగుంటుంది గాని, నిజం ఏమిటంటే మొదటి రెండేళ్లు నాకు హాయిగానే ఉంది. తర్వాతే నిద్ర చెడింది. మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక పోయిన ఎండాకాలం సంగతి.

బీదర్‌లో విమానాల చప్పుడు కొత్త కాదు. ఎయిర్ ఫోర్సు శిక్షణ విమానాలు రోజూ తిరుగుతాయి. ఆ చప్పుడు మా చెవులకు ఫ్యాను చప్పుడుతో సమానం. ఆ మధ్యాహ్నం మూడు గంటలప్పుడు నేను విన్నది అది కాదు. చాలా నెమ్మదిగా, చాలా కిందుగా, బరువుగా వస్తున్న చప్పుడు. ఫ్యానులు తిరిగే పాతకాలపు ఇంజన్లు. మెకానిక్‌ని కాబట్టి చెప్పగలను, నాలుగు ఇంజన్లు. వాటిలో ఒకటి మిగతా మూడింటితో కలవడం లేదు. మధ్యమధ్యలో దెబ్బ తప్పుతోంది.

బయటికి వెళ్లి చూశాను. ఆకాశం ఖాళీగా ఉంది. చప్పుడు నెత్తి మీదుగా తూర్పుకు వెళ్లిపోయింది.

లోపల నా దగ్గర పని చేసే ఇర్ఫాన్ ఉన్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, నలుగురు పిల్లల తండ్రి, ఊహలు అల్లే రకం కాదు. "ఉస్తాద్, కంప్రెసర్ బంద్ ఉంది గద? మరి నట్లు ఎందుకు కదుల్తున్నయ్?" అన్నాడు. ట్రేలో నట్లు సన్నగా వణుకుతున్నాయి. చప్పుడు వినబడిందా అని అడిగాను. "ఏం చప్పుడు?" అన్నాడు.

ఏదో పెద్ద సైనిక విమానం వచ్చి ఉంటుందనుకున్నాను. టీ కొట్లో అడిగాను. ఎవరూ చూడలేదు, వినలేదు. ఆ రోజు రిజిస్టరులో పని పక్కన "పెద్ద విమానం?" అని రాసుకున్నాను. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. అప్పుడూ అదే వేళ, అప్పుడూ రాసుకున్నాను.

మూడోసారి చప్పుడుతో పాటు గొంతు వచ్చింది. బయటి నుంచి కాదు. చెవులకు ఏదో బిగించి కట్టినట్టు, లోపల, గరగర మధ్య. ఇంగ్లీషు మాట. నావిగేటర్. వైర్‌లెస్. టాప్ గన్. ఆ పిలుపులకు జవాబులు గరగరలో కలిసిపోయాయి. "టెయిల్ గన్?" అన్నప్పుడు మాత్రం జవాబు స్పష్టంగా వినిపించింది. ఓకే సార్. అది తెల్లవాడి యాస కాదు. మనవాళ్ల యాస.

తర్వాత "నంబర్ త్రీ?"

ఎవరూ పలకలేదు. ఇంజన్ల చప్పుడు తగ్గిపోయింది.

బల్ల దగ్గర కూర్చున్నాను. నాకు మొదట కలిగింది భయం కాదు. రాయడానికి సిగ్గుగా ఉంది. అసూయ. వాళ్లు ఎవరైనా కానీ, ఎక్కడి నుంచైనా రానీ, నా షెడ్డు మీదికి వచ్చి కూడా అడుగుతున్నది దేవన్నను. బస్వరాజ్ లాగే.

నాలుగోసారి ఒక మంగళవారం. ఇర్ఫాన్ నమాజుకు వెళ్లాడు. పిలుపు వరుసగా వచ్చి చివరిది చేరగానే, నేను లేచి నిలబడి గట్టిగా అన్నాను. "నంబర్ త్రీ ఓకే సార్."

కాసేపు గరగర. తర్వాత మళ్లీ "నంబర్ త్రీ?"

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే ప్రశ్న. మూడోసారి నా గొంతు బొంగురుపోయింది. అవతలి మనిషి కోపగించుకోలేదు. మర్యాదగా, బాగా అలిసిపోయి, ఇంకొకసారి అడిగాడు. నేను చెప్పింది వినబడక కాదు. విని, ఒప్పుకోవడం లేదు.

షెడ్డు మూసేశాను. మూడు రోజులు ఇంట్లో పడుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం చర్చి వెనక గల్లీకి వెళ్లాను.

తలుపు తీసింది రూతమ్మ వదిన. "ఏమయ్యా, తొవ్వ తప్పి వచ్చినవా?" అంది. లోపల దేవన్న ఒక కుట్టుమిషను బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

ఏం మాట్లాడాలో తెలియక, "అన్నా, ఈ మధ్య ఏదన్న పెద్ద విమానం సప్పుడు వినబడ్డదా నీకు?" అని అడిగాను.

వదిన చేతిలో నీళ్ల గ్లాసు అలాగే ఆగింది. "ఈయన నీక్కూడ చెప్పిండా?" అంది. "గాలిమోటరు వస్తుంది, వస్తుంది అంటడు. నాకేం వినబడది. చెవుల డాక్టరు ఎప్పుడెప్పుడు వినబడుతదో రాసుకోమన్నడు. క్యాలెండరు మీద రాస్తున్న."

గోడకున్న క్యాలెండరు తెచ్చింది. పాల లెక్కల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులు. నా రిజిస్టరులో రాసుకున్న తేదీలు నాకు కంఠతా వచ్చు. నాలుగూ ఉన్నాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

నేను ఇంకా ఏమీ చెప్పలేదు. దేవన్నే మొదలుపెట్టాడు. "పిలుస్తడురా. తాత చేసేటట్టు లావు గొంతు కాదు. పిల్లగాని గొంతు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటయి, అంతే. జర ముక్కుతోని మాట్లాడతడు."

నేను విన్నది అదే. తాత అనుకరించిన గొంతుకు దానికి పోలికే లేదు. అసలు గొంతు ఎలా ఉండేదో మాకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

"టెయిల్ గన్ అని పిలిస్తె ఎవ్వడు పలుకడు" అన్నాడు దేవన్న. "నువ్వు రావు, నువ్వు పలుకవు. ఎంతసేపని ఆగుతడు పాపం, అని నీ తరపున నేనే ఓకే సార్ అంటున్న."

"మరి నంబర్ త్రీ?"

"అది నేను పలుక. ఆ పేరు పోయింది గద." నా మొహంలోకి చూశాడు. "మొన్న మంగళారం ఎవడో పలికిండు. మూడు సార్లు. గొంతు నీదిలెక్కనే ఉండె. ఎందుకురా నా జాగల కూసున్నవ్?"

ఆ మంగళవారం నా షెడ్డులో నేను తప్ప ఇంకెవరూ లేరు. నా షెడ్డుకూ ఆ ఇంటికీ మధ్య ఎన్నో వీధులు. ఆ మూడు జవాబుల సంగతి నేను నా భార్యకు కూడా చెప్పలేదు.

అప్పుడు చెప్పాను. నట్టు, సంతకం, బస్వరాజ్‌తో ఆడిన అబద్ధం, అన్నీ. దేవన్నకు కొత్త కాదు. కొత్త సంగతి వదినకు. పదకొండేళ్లుగా ఆమె కూడా అందరిలాగే నమ్మింది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తోచనే లేదు.

"ఒక్క నట్టు బిగించనీకి చేతకాలేదా అని ఎన్నిసార్లు అంటి ఈ మనిషిని" అంది. క్యాలెండరు ఆమె చేతుల్లో నలిగిపోయింది. "అన్నం పెట్టుకుంట అంటి. పిల్లల ముందల అంటి. నువ్వన్న చెప్పకపోతివి నాకు?" ఆ చివరి మాట దేవన్నతో అంది.

దేవన్నకు అప్పుడు కోపం వచ్చింది. వదిన మీద కాదు, నా మీద.

"ఇయ్యాల వచ్చి చెప్పి నువ్వు మంచోనివైతవ్. నేనేమైత? పదకొండేండ్లు అబద్ధమాడినోణ్ని. ఎవరడిగిండ్రు నిన్ను?"

"మరి నువ్వెందుకు నాదే అన్నవ్ అన్నా?"

అప్పుడు తాత చెప్పకుండా ఆపేసే కథలో మిగిలిన ముక్క చెప్పాడు. చివరి రోజు తాతకు మలేరియా. ఇంజను పని చేసింది ఒక పంజాబీ స్నేహితుడు. మూడో ఇంజను పుస్తకంలో ఆశీర్వాదం సంతకం లేకపోతే కెప్టెన్ ఒప్పుకోడని, తాత సంతకం అతనే పెట్టేశాడు. విమానం రాలేదు. విచారణలో తాతను అడిగితే ఇది నా సంతకం కాదు అని నిజమే చెప్పాడు. ఆ స్నేహితుణ్ణి తీసుకుపోయారు. మళ్లీ అతను ఎక్కడున్నాడో తాతకు తెలియలేదు. విమానం ఇంజను చెడి పడిందో, తుపాకీ దెబ్బకు పడిందో కూడా ఎవరికీ తెలియలేదు.

"నిజమే చెప్పిన, గని నాదే అంటె ఏం పోతుండె అని ఏడ్చేటోడు తాత" అన్నాడు దేవన్న. "నీకప్పుడు చిన్న బిడ్డలు. ఫ్యాక్టరీ పోయి ఆరు నెలలు కాలే. అందుకే అన్న."

నేను విన్నాను. ఆయన నా కోసం చేసిన పని విన్నాను. అయినా నా మనసులో ముందు మెదిలింది ఏమిటంటే, తాత ఇది కూడా ఆయనకే చెప్పాడు. నాకు చెప్పలేదు. నేను ఎలాంటి మనిషినో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వదిన చీర కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నడువుండ్రి హుల్సూరుకు" అంది.

బస్వరాజ్ ఇప్పుడు బస్‌స్టాండు దగ్గర చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు. కుడి కాలు చాపుకుని గల్లా వెనక కూర్చున్నాడు. కొనేవాళ్లు ఉన్నారు, వాళ్ల ముందే చెప్పాను. మెల్లగా చెబితే దేవన్న మధ్యలో ఆపుతాడని గట్టిగానే చెప్పాను. బస్వరాజ్ గల్లా పట్టుకుని లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నా పానం అని చెప్పిన గద సామేలూ నీకు. చెప్పిన గద" అన్నాడు. దేవన్న వైపు తిరిగాడు. "ఒక్కసారన్న నాది గాదు అనకపోతివి. ఎన్నేండ్లు తిట్టిన నిన్ను. రా, లోపట కూసో. అమ్మా, నువ్వు గూడ రా."

కౌంటరు పలక ఎత్తి వాళ్లిద్దరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. మూడు కప్పులు. నేను బయట ఎండలో నా బండి దగ్గర నిలబడ్డాను. వాళ్లు మాట్లాడుకోవడం కనబడుతోంది, వినబడటం లేదు. ఒకసారి బస్వరాజ్ దేవన్న చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. వదిన నవ్వింది. నేను ఒకరి మోకాలు పోగొట్టిన మనిషిని, ఇంకొకరి పదకొండేళ్లు తిన్న మనిషిని, ఆ ఎండలో నిలబడి ఆ మూడో కప్పు నాది ఎందుకు కాలేదని బాధపడ్డాను.

తర్వాతి ఆదివారం చర్చిలో లేచి నిలబడి మళ్లీ చెప్పాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆ సంతకం దేవదానానిది కాదు. ఆ బండి కింద పడుకున్నది నేను. ఆ రోజు ఆయన నిర్ణాలో ఉన్నాడు. ఇక ఎవరైనా ఆ జీపు సంగతి ఎత్తితే నా పేరు చెప్పండి.

నౌబాద్ జనం ఆయన్ని మళ్లీ షెడ్డు తెరవమన్నారు. కళ్లు సరిగా కనబడటం లేదని ఆయన ఒప్పుకోలేదు. అయినా బండ్లు ఆ గల్లీ దాకా వెళ్తున్నాయి. ఆయన కుర్చీలో కూర్చుని చప్పుడు విని జబ్బు చెబుతాడు. కొందరు అక్కడి నుంచి నా షెడ్డుకు వస్తారు. ఎక్కువమంది రారు.

ఆ చప్పుడు హుల్సూర్ వెళ్లి వచ్చిన రోజు నుంచి నాకు మళ్లీ వినబడలేదు. చెవుల పరీక్ష చేయించుకున్నాను, ఏ లోపమూ లేదన్నారు. శిక్షణ కేంద్రంలో పని చేసే ఒకాయన్ని అడిగాను. ఆ తేదీల్లో నాలుగు ఇంజన్ల విమానం ఏదీ ఈ వైపు రాలేదన్నాడు. రెండు ఇళ్లలో నాలుగు తేదీలు ఎలా కలిశాయో, నా మూడు మాటలు అన్ని వీధులు దాటి ఎలా వెళ్లాయో ఎన్నిసార్లు విప్పి చూసినా నాకు అంతు చిక్కలేదు. ఏ చప్పుడుకైనా కారణం ఉంటుందన్న నా నమ్మకం ఈ ఒక్క చోట పట్టు దొరక్క జారిపోతోంది.

దేవన్నకు మాత్రం ఇంకా వినబడుతోంది. వదిన ఇంకా క్యాలెండరు మీద గుర్తు పెడుతోంది. ఈ మధ్య మధ్యాహ్నాలు ఆయన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఆకాశం వైపు చూస్తూ, నంబర్ త్రీ ఓకే సార్ అని పలికి, మొహం వెలిగిపోతూ కూర్చుంటాడట. కెప్టెన్ ఏమంటున్నాడని మొన్న అడిగాను.

"నీకెందుకురా?" అని నవ్వాడు. ఎంత బతిమాలినా చెప్పలేదు.